కొయ్య చేపకి బరువు కోసం బ్యాటరీ కరిగించక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో మా మల్కాపురం, శ్రీహరిపురం వైపు కుర్రాళ్లకి ఈమధ్య కొయ్య చేపల పిచ్చి బాగా పట్టింది. కర్రతో చేప బొమ్మ చేసి, రంగు వేసి, పొట్ట కింద ఒకటి, తోక దగ్గర ఒకటి మూడు కొక్కేల గాలాలు తగిలిస్తారు. రాడ్‌తో దూరంగా విసిరి రీల్ చుడుతుంటే అది బతికున్న చేపలా ఒళ్లు ఊపుకుంటూ వస్తుంది. పండుగప్పో పార చేపో నిజం చేపే అనుకుని మీద పడుతుంది. ఆదివారం పొద్దున్నే యారాడ రాళ్ల మీదకో, భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసేచోటికో వెళ్లి చూడండి, రాడ్ పట్టుకున్నవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో సొంతంగా చెక్కుకున్న లూర్లు (ఈ ఎర బొమ్మల్ని అలా అంటారు) వాడేవాళ్లూ ఉంటున్నారు. కొన్నది రాళ్లలో చిక్కుకుని తెగిపోతే వందలు పోతాయి. చేసుకున్నది పోతే ఒక పూట పని పోతుంది, అంతే.

నాకు ఇది చూస్తే సంతోషమే. ఉద్యోగమంతా లేత్ మీద గడిపినవాణ్ని. ఫోన్ పక్కనపెట్టి ఉలి, సాన్ పేపర్ పట్టుకున్న కుర్రాణ్ని చూస్తే నేనే పిలిచి కూర్చోబెడతాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. కొయ్య తేలుతుంది కదా, దాని పొట్టలో కొంత బరువు పెట్టాలి. ఆ బరువు కోసం వీళ్లు చచ్చిపోయిన బైక్ బ్యాటరీలు పగలగొట్టి, లోపలి ప్లేట్లు ఇంట్లో కరిగిస్తున్నారు. మా వీధిలో ఒక డాబా మీద నా కళ్లతో చూశాను. చిన్న గ్యాస్ పొయ్యి, దాని మీద వంటింట్లో పాత గరిటె, పక్కనే ఆరేసిన చంటిపిల్లల బట్టలు.

"ఇదేం పనిరా?" అంటే, "వలల షాపులో సీసం కిలో లెక్కన ఇస్తన్నారు బాబాయ్. మాకు కావలిసింది చిటికెడు. ఇది ఊరికే వచ్చింది కదేటి" అన్నాడు.

ఊరికే రాలేదు. బ్యాటరీ ప్లేటు అంటే సీసం రేకు అనుకుంటారు చాలామంది. అది సీసం జాలీ. దాని గళ్లలో నింపినది మాత్రం చాలావరకు లోహం కాదు, సీసం ఆక్సైడు, సీసం సల్ఫేటు ముద్ద. గరిటెలో వేసి కాలిస్తే జాలీ కరుగుతుంది కానీ ముద్ద కరగదు, పొడిపొడిగా అయి పైకి తేలుతుంది, గాలికి లేస్తుంది. ప్లేట్లకి పట్టిన యాసిడ్ పొగ సరేసరి. పైగా జాలీ ఉత్త సీసం కాదు. పాత రకాల్లో ఆంటిమొనీ కలుపుతారు, నీళ్లు పొయ్యక్కర్లేని కొత్త రకాల్లో కాల్షియం కలుపుతారు. ఈ రెండు రకాలూ కలిపి కరిగించి, ఆ తెట్టుని తడి నేల మీద పారబోస్తే విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది. సీసం పనిచేసే ఫౌండ్రీల్లో తెలిసినవాళ్లు బ్యాటరీ తెట్టుని తడి తగలనివ్వరు. డాబా మీద కుర్రాడికి అది ఎవరు చెబుతారు?

సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇంటి గ్యాస్ మంటకి అది పెద్ద వేడి కాదు. అందుకే సులువైన పని అనిపిస్తుంది. అచ్చులో ఒక్క నీటి చుక్క ఉంటే చాలు, అది ఆవిరై పదిహేడు వందల రెట్లు పొంగుతుంది, గరిటెలో సీసమంతా ముఖం మీదకి ఎగురుతుంది. కొందరు అచ్చు కూడా లేకుండా తిన్నగా కొయ్య చేప బెజ్జంలోనే పోస్తున్నారు. కర్రలో చెమ్మ ఉండదా? బుసబుసమని పొంగి, బెజ్జం అంచులు మాడి బొగ్గవుతాయి, చల్లారాక సీసం వదులై లోపల కదులుతుంది. పనిగా చూసినా అది చెడ్డ పనే.

కాలిన గాయమైతే కంటికి కనిపిస్తుంది, ఆస్పత్రికి పరుగెడతాం. నా భయం ఆ బూడిదరంగు పొడి గురించి. అది గరిటెకి, గోళ్లకి, చొక్కాకి పట్టుకుని ఇంట్లోకి వస్తుంది. నేల మీద పాకే పిల్లల చేతికి, చేతి నుంచి నోట్లోకి పోతుంది. సీసం ఎంతవరకైతే ఒంటికి ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. కడుపులోకి పోయిన సీసాన్ని పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. రక్తం తగ్గుతుంది, చదువు మీద ధ్యాస పోతుంది, ఎముకల్లో చేరిందంటే ఏళ్ల తరబడి పోదు. మన దేశంలో 2000 నుంచి పెట్రోల్‌లో సీసం తీసేశారు. 2017 నవంబరు నుంచి ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్నారు. ఇంత చేశాక మనమే గరిటెతో వంటింట్లోకి తెచ్చుకోవడం ఏమిటి? అమ్మలకి ఒక మాట: సీసం కరిగించిన గరిటె ఎంత తోమినా మళ్లీ పోపు పెట్టడానికి పనికిరాదు.

ఇంకొక అలవాటు. చిన్న సీసం గుళ్లని దారానికి నొక్కడానికి పళ్లతో కొరకడం. రాళ్ల మీద చూస్తూనే ఉంటాను. కొరికిన నోటితోనే, అవే చేతులతోనే ముంత మసాలా తింటారు. కటింగ్ ప్లేయర్ ఒకటి జేబులో వేసుకోవడానికి బరువా?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పెద జాలారిపేటలోనో ఫిషింగ్ హార్బర్‌లోనో వల అడుగు తాడుకి సీసం గుళ్లు కట్టుకునేవారిని నేను తప్పుపట్టడం లేదు. వాళ్లకి అది బతుకు. వలకి కిలోల కొద్దీ బరువు కావాలి, అంత ఇత్తడి పెట్టి కొనమని చెప్పే మొహం నాకు లేదు. సరదాకి చేపలు పట్టే మనకి ఆ ఇబ్బంది లేదు. మనకి కావలసింది ఎంతో లెక్క చూస్తే నవ్వొస్తుంది.

ఆ లెక్క చెబుతాను. పన్నెండు సెంటీమీటర్ల పొడవున్న కొయ్య చేప ఒకటి తీసుకోండి. నాది అంకుడు కర్ర. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసే కర్రే. లేత్ మీద వెన్నలా తెగుతుంది, పెచ్చులు లేవదు. (లక్క పూత అందంగా ఉంటుంది కానీ అదొక్కటే నీళ్లకి ఆగదు, తెల్లబారిపోతుంది. పైన ఎపాక్సీ పూత ఉండాలి.) పూతలన్నీ ఆరాక ఆ ఒళ్లు 18 గ్రాములు తూగింది. గాలాలు, రింగులు, లోపలి స్టీలు తీగ, ముందుండే ప్లాస్టిక్ నాలుక కలిపి 8 గ్రాములు. ఇప్పుడు అది ఎన్ని నీళ్లని పక్కకి నెడుతుందో చూడాలి. చిన్న డిజిటల్ తూనిక మీద గిన్నెతో సముద్రపు నీళ్లు పెట్టి సున్నా చేసుకోండి. చేప వీపున రెండు సన్న సూదులు గుచ్చి, గిన్నె అడుగుకి గానీ అంచుకి గానీ తగలకుండా నిండా ముంచి పట్టుకోండి. తూనిక చూపించే అంకె అది నెట్టిన నీళ్ల బరువు. నాకు 33 వచ్చింది. 33లోంచి 18, 8 తీసేస్తే 7. ఏడు గ్రాములు పెడితే నీళ్ల మధ్యలో నిలుస్తుంది, అంతకు మించితే మునుగుతుంది. నాకు లాగడం ఆపగానే మెల్లగా పైకి లేచే చేప కావాలి కాబట్టి 5 గ్రాములు చాలు. గాలాల లోహం కూడా కాసిని నీళ్లని నెడుతుంది, బెజ్జం వేస్తే కొంచెం కర్ర పోతుంది. అర గ్రాము అటూ ఇటూ అవుతుంది. చివర్లో బకెట్ నీళ్లలో వేసి సరిచూసుకుంటే సరిపోతుంది. తూనిక మీద నమ్మకం లేకపోతే 2011 నుంచి 2018 దాకా వేసిన అయిదు రూపాయల బిళ్ల పెట్టి చూడండి, సరిగ్గా 6 గ్రాములు. బిళ్లనే చేప పొట్టలో పెడదామని చూడకండి, నాణేలు కరిగించడం, పాడుచెయ్యడం చట్టరీత్యా నేరం.

సముద్రపు నీళ్లే ఎందుకంటే, కొళాయి నీళ్ల కన్నా అవి రెండున్నర శాతం బరువు. పైన చెప్పిన చేపకి ఆ తేడా ముప్పావు గ్రాము పైమాటే. ఇంటి బకెట్లో చక్కగా నిలిచిన చేప యారాడలో వీపు బయటపెట్టి తేలుతుంది. భీమిలిలో ఏరు సముద్రంలో కలిసే మొగలో వానాకాలం వరద వచ్చినప్పుడు నీళ్లలో ఉప్పు తగ్గుతుంది, అప్పుడు అదే చేప ఇంకొంచెం కిందకి దిగుతుంది. అందుకే ఒకే ఆకారం చేపని రెండు బరువుల్లో చేసి పెట్టుకుంటాను.

అంటే కావలసింది అయిదు గ్రాములు. దానికి బ్యాటరీ!

"సీసమంత బరువైనది ఇంకేముంది బాబాయ్" అని అడుగుతారు. నిజమే, ఘన సెంటీమీటరుకి సీసం 11.3 గ్రాములు తూగుతుంది, ఇత్తడి సుమారు 8.5, ఇనుము 7.85. కానీ 5 గ్రాముల దగ్గర ఆ తేడా ఎంత? సీసమైతే 0.44 ఘన సెంటీమీటర్లు పడుతుంది, ఇనుమైతే 0.64. ఎక్కువ పట్టేది 0.2 మాత్రమే. 33 గ్రాముల సముద్రపు నీళ్లు నెట్టే చేప అంటే సుమారు 32 ఘన సెంటీమీటర్ల ఒళ్లు, అందులో అదొక లెక్కా? బొటనవేలంత లూర్లు చేసేవాళ్లకి చోటు ఇబ్బంది ఉంటుంది, ఒప్పుకుంటాను. పండుగప్పకి చేసేవాళ్లకి లేదు.

నా ఓటు ఇత్తడికి. 10 ఎం.ఎం. ఇత్తడి కడ్డీ సెంటీమీటరుకి 6.7 గ్రాములు తూగుతుంది. 5 ఎం.ఎం. మందాన బిళ్ల కోస్తే 3.3 గ్రాములు, 3 ఎం.ఎం. కోస్తే 2 గ్రాములు. ఈ రెండూ కలిపితే మన అయిదు గ్రాములు వచ్చేశాయి. లేత్ ఉన్న ఏ షాపులోనైనా పార్టింగ్ టూల్‌తో ఇలాంటి బిళ్లలు టీ తాగేలోపు డజను కోసిస్తారు. కడ్డీ కూడా కొనక్కర్లేదు, పనిలో మిగిలిన చివరి ముక్కలు చాలు. బిళ్ల అంచుని ఫైల్‌తో కాస్త గరుకు చేస్తే జిగురు గట్టిగా పడుతుంది. చేప పొట్టలో 10 ఎం.ఎం. డ్రిల్‌తో బిళ్ల మందం కన్నా ఒక ఎం.ఎం. ఎక్కువ లోతు బెజ్జం వేసి, అరాల్డైట్ రాసి బిళ్ల దింపి, పైన అదే జిగురులో రంపంపొట్టు కలిపి మెత్తి, ఆరాక సాన్ పేపర్ పట్టండి. తుప్పు పట్టదు, పూత పగిలినా భయం లేదు. ఒకటి దాచకుండా చెప్పాలి: లేత్ మీద సులువుగా తెగే ఇత్తడి రకాల్లో రెండు మూడు శాతం సీసం కలుస్తుంది. దాన్ని కరిగించకుండా, కోసి జిగురులో మూసేస్తున్నాం కాబట్టి నాకు దిగుల్లేదు. పొడి తుడిచేసి చేతులు కడుక్కోండి.

ఇంకా చవకగా కావాలంటే సైకిల్ షాపులో బేరింగ్ గుళ్లు అడగండి. పావు అంగుళం గుండు దాదాపు సరిగ్గా ఒక గ్రాము. గుండుకొక గ్రాము లెక్కన చిన్నపిల్లాడైనా కూడుకోగలడు. 6.5 ఎం.ఎం. డ్రిల్ బెజ్జంలో దూరిపోతాయి. ఒకే బెజ్జంలో నాలుగైదు పేర్చకండి, బరువు వీపు వైపుకి పోయి చేప పక్కకి ఒరిగిపోతుంది. పక్కపక్కన బెజ్జాలు వేసి బెజ్జానికి ఒకటి, మహా అయితే రెండు. ఇక స్టీల్ ప్లాంట్ ఊళ్లో ఉండి ఊచకి కరువేముంది? వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుందని ఏ మేస్త్రీ అయినా చెబుతాడు. ఆ లెక్కన 6 ఎం.ఎం. ఊచ సెంటీమీటరుకి 2.2 గ్రాములు. కాకపోతే ఇనుముతో ఒక పేచీ ఉంది. రాయి తగిలి పూత పగిలి ఉప్పునీళ్లు లోపలికి పోతే తుప్పు ఉబ్బి కర్రని చీల్చేస్తుంది.

అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి టైర్ల షాపులో దొరికింది. అల్లాయ్ వీల్స్‌కి బ్యాలెన్సింగ్ చేసినప్పుడు అంటించే బరువుల పట్టీలు చూసే ఉంటారు. 5 గ్రాములు, 10 గ్రాములు అని ముక్క ముక్కకీ అచ్చు వేసి ఉంటుంది, వెనక జిగురు ఉంటుంది. డ్రిల్ పట్టకముందే ఆ ముక్కని చేప పొట్టకి అంటించి, బకెట్లో వేసి, ముందుకీ వెనక్కీ జరుపుతూ చూడొచ్చు. ముక్కు దించుకుంటే వెనక్కి, తోక వేలాడితే ముందుకి. సామాన్యంగా ముందు గాలం కొక్కేనికి కాస్త ముందు సరిపోతుంది. దూరం పోవాలని బరువంతా తోకలో పెట్టేవాళ్లున్నారు. విసురు బాగుంటుంది, కానీ ఈత చచ్చిపోతుంది, మొద్దులా వస్తుంది. మూడింట రెండు వంతులు ముందు, ఒక వంతు వెనక పెడితే విసురూ ఈతా రెండూ దక్కుతాయి. చోటు కుదిరాక పెన్సిల్‌తో గీత పెట్టుకుని అప్పుడు బెజ్జం వెయ్యండి. ఈ పట్టీల్లో ఇనుమువీ ఉంటాయి, పాతవాటిలో సీసానివీ, జింకువీ ఉంటాయి. అయస్కాంతం పట్టుకుంటే ఇనుము. పట్టుకోకుండా ప్లేయర్‌కి మెత్తగా నొక్కుకుంటే సీసం, అది పక్కన పెట్టెయ్యండి.

ఇన్ని చెప్పాక కూడా సీసమే కావాలంటే, వలల షాపులో తయారు గుళ్లు కొని, కోసి, నొక్కి వాడుకోండి. కరిగించకండి. మూత ఉన్న డబ్బాలో, పిల్లలకి అందని చోట పెట్టండి. సబ్బుతో చేతులు కడుక్కోకుండా కూడు ముట్టకండి. కొండకర్ల ఆవ లాంటి మంచినీటి చోట మాత్రం సీసం అసలు వద్దు. తెగిపోయిన గుళ్లు అడుగున పడి ఉంటాయి, బాతులు, కొంగలు దిగే నీళ్లవి. బాతులు వాటిని అడుగున ఇసక రాళ్లతో పాటు మింగేస్తాయి. బ్రిటన్‌లో హంసలు ఇలాగే చచ్చిపోతున్నాయని 1987లోనే 28 గ్రాముల లోపు సీసం గుళ్ల అమ్మకం ఆపేశారు.

ఇక నా విన్నపాలు. ఫిషింగ్ హార్బర్ దగ్గర, వన్‌టౌన్‌లో వలల సామాను అమ్మే షాపులవాళ్లు కిలో లెక్కతో పాటు పది ఇత్తడి బిళ్లలు, పది బేరింగ్ గుళ్లు చిన్న ప్యాకెట్లు కట్టి బరువు రాసి పెడితే తప్పకుండా అమ్ముడవుతాయి. కుర్రాడికి చిటికెడు కావలసినప్పుడు కిలో చూపించబట్టే కదా బ్యాటరీ మీద పడ్డాడు. చచ్చిన బ్యాటరీని కొత్తది కొనేచోట ఇస్తే ధర తగ్గిస్తారు, 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు కూడా పాతవాటిని తిరిగి అప్పగించాలనే చెబుతున్నాయి. దాన్ని పగలగొడితే ఆ డబ్బూ పోతుంది. టైర్ల షాపులవాళ్లు చక్రం నుంచి పీకిన పాత బరువులు రోడ్డు వారగా ఊడ్చెయ్యకుండా ఒక డబ్బాలో వేస్తే, అడిగినవాళ్లకి ఇనుమువి ఏరి ఇవ్వొచ్చు, సీసానివి తుక్కు షాపుకి పంపొచ్చు.

ఆటోనగర్ లేత్ షాపుల మిత్రులు కూడా మిషను పక్కన ఒక డబ్బా పెట్టి, మిగిలిన ఇత్తడి ముక్కలు అందులో వెయ్యండి. చేతిలో కొయ్య చేప పట్టుకుని కుర్రాడెవడైనా గుమ్మంలోకి వస్తే, ఎంత మందం కావాలో అడిగి నాలుగు బిళ్లలు కోసి ఇవ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టర్నర్,
మల్కాపురం, విశాఖపట్నం